కాలిలో తలుపులు

పొద్దున షట్టరు ఎత్తింది మొదలు వీధి దీపాలు వెలిగేదాకా కత్తెరమ్మ నిలబడే ఉండేది. ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే చిన్న కొట్టు ఆమెది. కుర్చీలన్నీ వచ్చేవాళ్ళకే, ఆమెకి మిగిలింది వాటి వెనకాల నేల. ఆ నిలబడ్డమే చివరికి కాళ్ళ మీదికి తెచ్చింది. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రానికి చీలమండ దగ్గర చర్మం సాగి నిగనిగలాడేది.

ఇంట్లో తలుపులు మూసుకోకపోవడం కూడా అప్పుడే మొదలైంది. మొదట వంటింటి తలుపు. ఎంత లాగి వేసినా, చెయ్యి వదలగానే మెల్లగా వెనక్కి జారిపోయేది. తర్వాత పెరటి తలుపు. వడ్రంగి వచ్చి బందులు చూశాడు, చెక్క తట్టి చూశాడు, ఆఖరికి ఆమె కాలు చూశాడు.

"తలుపులకేం రోగం లేదమ్మా. మీరే ఎవరికైనా చూపించుకోండి," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ స్కానింగ్ తీసి అదే మాట ఇంకోలా చెప్పింది. "కాళ్ళలో రక్తం పైకి ఎక్కాలి కదా. ఎక్కింది కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. మీకవి వదులైపోయాయి. బిగుతు మేజోళ్ళు వేసుకోండి, మధ్యమధ్యలో నడవండి, పడుకున్నప్పుడు కాళ్ళు ఎత్తులో పెట్టుకోండి. పాడైన సిరని లేజరుతో మూసేద్దాం. ఇంట్లో ఎన్ని తలుపులు పోయాయి?"

"రెండండీ."

"మూడోదాకా రానివ్వకండి," అని నవ్వింది డాక్టరమ్మ.

కత్తెరమ్మ మళ్ళీ వెళ్ళలేదు. కొట్లో ఊపిరి సలపని పని. ఉక్కపోస్తోందని మేజోళ్ళు బీరువాలో పడేసింది. తలుపులకి తాడు కట్టి ఊరుకున్నారు.

అత్తగారికి ఇదంతా వేళాకోళం. "నా కాలు చూడు, స్తంభం! నీ మొగుడు కడుపులో ఉన్నప్పటి నుంచి మోస్తున్నా. ఎవరితోనైనా చెప్పుకున్నానా?" అనేది. ఆవిడది వేరే జబ్బు. ఒంట్లో ఊరే నీరు తిరిగి పైకి పోయే దారులు పూడిపోయి కాలు లావెక్కింది. రోజూ వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, మందు రాసి, పాదం నుంచి మోకాలి దాకా కట్టు కట్టేది కోడలే. చర్మం కాస్త పగిలినా చాలు, చీము పట్టి జ్వరం వస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది. కట్టు కడుతున్నంతసేపూ అత్తగారు సణిగేది. ఒక్కపూట ఆలస్యమైతే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసేది.

ఒక మధ్యాహ్నం కొట్లో ఉండగా కత్తెరమ్మ ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది. చెయ్యి పెడితే కాలుతోంది. ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి భర్త అత్తగారి గది తలుపుని భుజంతో తోస్తున్నాడు. అత్తగారు లోపలే ఉంది.

"మిగతావి మూసుకోవు, ఇదేమో తెరుచుకోనంటోంది," అంటూ అతను ఇంకోసారి గట్టిగా తోశాడు.

పిక్కలో ఏదో కదిలినట్టయింది. ఆమె ఊపిరందక గోడ పట్టుకుంది. అప్పటికే కబురందుకుని వచ్చిన వడ్రంగి ఆమె ముఖం చూసి, బయటికి తీసిన ఉలిని మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

"నన్నొదిలెయ్యండ్రా," అంది అత్తగారు లోపల్నించి. "ముందు దాన్ని తీసుకెళ్ళండి."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. "లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పిక్క ఎవరూ పిసకొద్దు. ఆ తలుపు ఎవరూ తోయొద్దు." రక్తం పలచబడే మందు మొదలుపెట్టి, కొన్నాళ్ళకి ఇంటికి పంపింది.

అత్తగారికి అన్నం, నీళ్ళు కిటికీ ఊచల్లోంచే అందిస్తున్నారు. కట్టుగుడ్డ కూడా ఇచ్చారు గానీ ఆవిడకి నడుము వంగదు. కొడుకు గోడ పగలగొడతానన్నాడు.

"గోడ కొడితే మాత్రం దాని కాలికి తగలదని నీకెవరు చెప్పార్రా?" అంది ఆవిడ. ఎప్పుడడిగినా "బాగానే ఉన్నా" అనేది. కేకలు మానేసింది.

భర్త పనికి వెళ్ళిన ఒక పగలు ఆమె గోడకి ఇవతల, కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకుంది. అవతల మంచం కోళ్ళు టకటకమంటున్నాయి. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

"అత్తయ్యా, జ్వరమా?"

చప్పుడు ఆగింది, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు.

"చలిగాలి, అమ్మాయ్. పడుకో."

ఆకు కూడా కదలడం లేదు. సాయంత్రం భర్త వచ్చి, "అమ్మెలా ఉంది?" అన్నాడు. నిజం చెబితే అతను తలుపు బద్దలు కొడతాడు. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే పిక్క మీదికి పోయింది.

"నిద్రపోతున్నారు."

మర్నాడూ అదే చప్పుడు, అదే జవాబు.

ఆ తర్వాతి పొద్దున కత్తెరమ్మ పిక్కలో బిగుతు సడలింది. అత్తగారి గది తలుపు ఎవరూ ముట్టుకోకుండానే, నూనె పెట్టినట్టు తెరుచుకుంది. లోపల అత్తగారి కాలు తొడదాకా ఎర్రగా కమిలి, రసి కారుతోంది. వేలి సందులో చిన్న పగులు. ఆస్పత్రికి చేర్చేసరికి విషం రక్తమంతా పాకిందన్నారు.

కొడుకు మందుల కోసం బయటికి వెళ్ళినప్పుడు కత్తెరమ్మ మంచం పక్కన కూలబడింది. "అత్తయ్యా, నేను..."

"విన్నావని తెలుసు," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "గోడ అవతల నువ్వు ఊపిరి బిగబట్టడం నాకూ వినిపించింది. వాడికి చెప్పకు. చెబితే వాడికి మనిద్దరిలో ఒక్కరమూ మిగలం."

సాయంత్రానికి ఆవిడ పోయింది.

వరండాలో భర్త వాడకుండా మిగిలిన మందులు సంచిలో సర్దుతున్నాడు. సర్దుతూనే తలెత్తాడు. "అంత బాధ పడుతూ ఎలా ఓర్చుకుందో! నువ్వు పక్క గదిలోనే ఉన్నావు కదా. ఒక్క మూలుగైనా వినపడలేదా?"

"లేదండీ," అంది కత్తెరమ్మ.