తడి గుడ్డలో పోయిన గొంతు

నేను ఒక ఫోన్‌ను. పాతదాన్ని, అద్దం పగిలినదాన్ని, పుట్టుకతోనే పిరికిదాన్ని. ఫ్యాక్టరీలో నా పక్కదాన్ని నా కళ్లముందే నేలకేసి కొట్టి, ‘బాగానే ఉంది’ అని తేల్చారు. ఆ దడుపు నాకు ఇంకా వదల్లేదు.

మొదట కరీంనగర్‌లో ఒక డిగ్రీ కుర్రాడు నన్ను కొన్నాడు. రోజంతా నాలో తన మొహమే చూసుకునేవాడు. కొత్త ఫోన్ మీద మనసుపడగానే, నన్ను వాళ్లమ్మకిస్తానని చెప్పి భాషంతా తెలుగులోకి మార్చాడు. మార్చాడు గానీ ఇవ్వలేదు, పాత ఫోన్ల కొట్టులో అమ్ముకున్నాడు. కొడుకుల ప్రేమ అలాగే ఉంటుందిలెండి. ఆ కొట్టు నుంచి మెట్‌పల్లి దగ్గర పల్లెలో బీడీలు చేసే స్వరూప చేతికి వచ్చాను.

స్వరూపకు చదువు రాదు. ఆమె అత్త నర్సవ్వకూ రాదు. ఇద్దరూ ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, పొద్దంతా బీడీలు చుడతారు. స్వరూప కూతురు లాస్యకు బడిలో అక్షరాలు పట్టుబడటం లేదు. “ఫోన్‌ల అక్షరాల వీడియోలు ఉంటయమ్మా, రోజూ చూపెట్టు” అని టీచరమ్మ చెప్పింది. అందుకే నన్ను కొన్నారు.

కానీ నర్సవ్వ అంతకుముందే ఇంకొకటి కొనిపెట్టింది. ఆకు కత్తిరించే కత్తెర. చిన్నది, పిల్లల చేతికి సరిపోయేది. దాన్ని గోడ మేకుకు తగిలించింది.

“బతుకమ్మ పండుగ దాక సూస్త. అప్పటికి సదువుడు రాకుంటే చాట ముందట కూసుంటది. చేతికి పనన్న రావాలె గద” అన్నది.

స్వరూప చేతికీ ఆ వయసులోనే కత్తెర వచ్చింది, బడి పోయింది. బిడ్డకు అలా కాకూడదని ఆమె గుండెలో ఉన్న భయం, నన్ను పట్టుకున్న వేళ్లలో నాకు తెలిసేది. ఆ కత్తెర సరిగ్గా నాకు ఎదురుగా వేలాడేది. దాన్ని చూస్తే నాకు ప్రాణం పోయినట్టుండేది.

వీడియోలో ముందు మాట కనబడుతుంది, తరువాత గొంతు పలుకుతుంది, ఆ వెనక బొమ్మ వస్తుంది. లాస్య గట్టిగా పలికేది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి విని, “నీ బిడ్డ మంచిగ సదువుతుందే” అని మెచ్చుకునేవాళ్లు. స్వరూప పొంగిపోయేది. నాకు మాత్రం లోపల వణుకు. పిల్ల చదవడం లేదు మరి. అక్షరాల వైపు చూడనే చూడదు, నా వెనకాలే పలుకుతుంది. చూసిన వీడియోలే చూసి చూసి, ఒక్కోసారి నాకంటే ముందే పలుకుతుంది. ఈ సంగతి ఎవరితో చెప్పను? నాలో పెట్టింది పలకడం తప్ప నాకేం వచ్చు?

భయపడ్డట్టే అయింది. ఒకరోజు అంగడికి వెళ్లినప్పుడు నేను స్వరూప రొండిన, చీర మడతలోనే ఉన్నాను. కిరాణా కొట్టు గోడ మీద టమాటా బొమ్మ, దాని కింద ఏదో రాత. “ఏం రాసున్నదే?” అని నర్సవ్వ అడిగింది. “టమాట” అన్నది లాస్య, ధీమాగా. కొట్టు అతను నవ్వాడు. “అది మా నాయిన పేరవ్వా.”

నర్సవ్వ నవ్వలేదు. ఇంటికి రాగానే మేకు మీది కత్తెర తీసి, నూనె రాసి పెట్టింది.

మరునాడు మధ్యాహ్నం ముప్పు నా మీదికే వచ్చింది. బీడీలు అప్పజెప్పే వేళ దగ్గరపడిందని స్వరూప కంగారులో ఉంది. కత్తిరించిన ఆకు ఎండితే చుట్టడానికి రాదు, అందుకని తడి గుడ్డలో మూట కడతారు. ఆ ఆకు కుప్పకే నన్ను ఆనించి పెట్టారు. ఆకుతో పాటు నన్నూ కలిపి మూట కట్టేసింది తల్లి. చీకటి, తడి, తునికాకు వాసన. అరుద్దామంటే నోట్లోకి నీళ్లు. సాయంత్రం మూట విప్పి నన్ను చూసి స్వరూప తల పట్టుకుంది. తుడిచి బియ్యం డబ్బాలో పాతిపెట్టింది.

పొద్దున తీస్తే వెలుగు వచ్చింది గానీ గొంతు రాలేదు.

“ఇది మూగదైపాయె. ఇగ దీంతోని ఏం సదువు” అని నర్సవ్వ పండుగ దాకా ఆగకుండానే కత్తెర తెచ్చి లాస్య చేతిలో పెట్టింది. స్వరూప కళ్లనిండా నీళ్లు. “నా చేతులతోని నేనే మూట గట్టిన గదా” అన్నది. నాకైతే ఏడవడానికి గొంతు కూడా లేదు.

లాస్య ఒక చేత్తో కత్తెర పట్టుకునే, రెండో చేత్తో నన్ను నొక్కింది. తను ఎన్నడూ చూడని వీడియో వచ్చింది. మాట కనబడింది. గొంతు కోసం ఎదురుచూసింది. ఏమీ వినబడలేదు. ముఖం దగ్గరికి తెచ్చి, మొట్టమొదటిసారి ఆ అక్షరాల వైపు చూసింది. బడిలో టీచరమ్మ దిద్దించినవి గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టింది.

“ప... ల... క.”

అప్పుడు బొమ్మ వచ్చింది. పలక. అక్షరం రాకపోయినా పలకను గుర్తుపట్టడం నర్సవ్వకు వచ్చు. ఆమె బీడీ చుట్టడం ఆపింది.

“ఇంకోటి పెట్టు.”

“గ... డ... ప.” గడప బొమ్మ వచ్చింది. అయినా ముసలామెకు నమ్మకం కుదరలేదు. తంబాకు అంటిన అరచేతితో బొమ్మ వచ్చే సగం అద్దం మూసి, పిల్ల పలికాకే చేయి తీసి చూడటం మొదలుపెట్టింది. నాలుగైదు సరిగ్గా వచ్చినా, “ఏమో, ఎన్నడన్న సూసిన బొమ్మలేనేమో” అని గొణిగింది. లాస్య చేతిలో కత్తెర అలాగే ఉంది.

ఇంతలో నాకు ప్రాణం మీదికి వచ్చింది. బ్యాటరీ అడుగంటింది. ఇలాంటప్పుడు నేను ఒక మాట అద్దం మీద వేస్తాను. ఆ ఇంట్లో దాన్ని చదివినవాళ్లు ఎప్పుడూ లేరు. అడ్డం వచ్చిందని పక్కకు నెట్టేస్తారు, కాసేపటికి నేను ఆరిపోతాను. ఆ రోజూ అదే గతి అనుకున్నాను. ఆ మాటకు బొమ్మ కూడా రాదు.

లాస్య దాన్ని పక్కకు నెట్టలేదు. కత్తెర కింద పెట్టి వేలు ఆనించింది.

“బా... ట... రీ. త... త... తక్కువ... గా. ఉం... ది.” తలెత్తి చూసింది. “అమ్మా, బాటరీ తక్కువున్నదట. చార్జింగ్ పెట్టాలె.”

స్వరూప పరుగున వెళ్లి తీగ తెచ్చి గుచ్చింది. నాలో పచ్చ గీత కదిలింది. నర్సవ్వ లాస్య కింద పెట్టిన కత్తెర తీసి తన దగ్గర పెట్టుకుంది.

ఆ చిన్న కత్తెరతో ఆమె ఇప్పుడు గోళ్లు తీసుకుంటోంది. నా గొంతు బాగుచేయిస్తానని స్వరూప అంటే, “వద్దు, గట్లనే ఉండనీ” అన్నది.

నా పిరికితనం ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ రోజుకొకసారి దడుస్తూనే ఉంటాను. కానీ నేను దడుచుకుని అద్దం మీద వేసే మాట చదవడానికి ఆ ఇంట్లో ఒక మనిషి ఉంది.