మూడుసార్లు వచ్చాం, తాళమే

మా ఊరిని మున్సిపాలిటీలో కలిపాక మొదటి ఇంటిపన్ను నోటీసు నా ఫోనుకే వచ్చింది. ఇల్లు నా పేరు మీద ఉంది, నంబరూ నాదే ఇచ్చాను. ఖతర్‌లోని అల్ వుకైర్‌లో విల్లాలు కట్టే సైటు మీద నేను ఫోర్‌మన్‌ని. స్లాబు పోయించే హడావిడిలోనే దాన్ని తెరిచి చూశాను. చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. యజమాని కుటుంబమే ఇంట్లో ఉంటే ఇచ్చే తగ్గింపు కొట్టేశారు. ‘నివాసం’ అన్న చోట ‘ఖాళీ’ అని రాసి, కింద కారణం కూడా పెట్టారు. మూడుసార్లు వచ్చాం, తాళమే.

ఖాళీ ఎలా అవుతుంది? నా భార్య తిరుమల ఆ ఇంట్లోనే ఉంటోంది. ఇరవై ఒక్క ఏళ్ళు ఖతర్ ఎండలో మాడి కట్టిన ఇల్లు. పెళ్ళయిన కొత్తలో తిరుమల బీడీలు చుట్టేది. వంగి వంగి నడుము పట్టేసేది. నిద్రలో కూడా వేళ్ళు కదిలించేది. నా పెళ్ళాం ఇంక బీడీల చాట ఒళ్ళో పెట్టుకోకూడదనే నేను విమానం ఎక్కాను. ఇల్లు పూర్తయిన రోజున ఆ చాటను నేనే బయట పారేశాను. ఆమె ఏమీ అనలేదు. ఎదుటివాళ్ళు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాను నేను, నా బుద్ధి అంత.

ఇల్లు ఊరి బయట బైపాస్ పక్కన ఉంది. మా కూతురు సుహాసిని పెళ్ళై హైదరాబాదుకు వెళ్ళాక ఆ మూడు గదుల్లో తిరుమల ఒక్కతే. ప్రతి శుక్రవారం నాకు సెలవు కాబట్టి మధ్యాహ్నం వీడియో కాల్ చేస్తుంది. వెనకాల నేను ఎంచిన లేత ఆకుపచ్చ గోడ కనిపిస్తుంది. మిగతా రోజుల్లో మామూలు ఫోనే, ఇంట్లో రోజూ నెట్ సరిగా రాదంటుంది.

శుక్రవారం పొద్దున్నే క్యాంప్ ఆఫీసుకు వెళ్ళాను. మా టైమ్‌కీపరు సువార్తరావు గోదావరి జిల్లా మనిషి. ఇక్కడ చర్చి ప్రార్థన కూడా సెలవు రోజైన శుక్రవారమే; చర్చికి బయల్దేరినవాడల్లా నా మొహం చూసి ఆగిపోయాడు.

“సారు, మా మున్సిపాలిటోళ్ళ మీద కంప్లెయింట్ రాయాలె. ఆ బిల్ కలెక్టర్ గాడు మా ఇంటి దిక్కే పోలేదు. కుర్సీల కూసొని రాసిండు,” అన్నాను.

ఆయన నోటీసంతా చదివాడు. “అభ్యంతరం పెట్టుకోవచ్చండి. ఇంట్లో మనుషులుంటున్నట్టు రుజువు అడుగుతున్నారు. కరెంటు బిల్లు చాలు. సర్వీసు నంబరు ఉందాండి?”

ఉంది. పర్సులో చీటీ మీద రాసి పెట్టుకున్నాను. ఆయన దాన్ని కంప్యూటర్లో కొట్టి, తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఏమైంది సారు?”

“పోయిన నెల రెండు యూనిట్లండి. అంతకుముందు మూడు.” కిందికి జరుపుతూ పోయాడు. “ఏడాదిగా ఇంతేనండి.”

“మీటర్ ఖరాబైంది,” అన్నాను.

“అయ్యుండొచ్చండి,” అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ మంచితనానికి నాకు ఇంకా కోపం వచ్చింది. మే నెలకు కూడా మూడే యూనిట్లు. మా ఊళ్ళో మే నెలలో ఫ్యాను లేకుండా పడుకున్నవాళ్ళను నేను చూడలేదు. ఇంక నేను డబ్బు పంపి కొనిపించిన ఫ్రిజ్ గాలి పీల్చి బతుకుతోందా? రెండు యూనిట్లంటే వారానికొక పూట ఒక ఫ్యానూ ఒక లైటూ. ఏ వారం, ఏ పూట అని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. నన్ను నమ్మించడానికి తిరుమల శుక్రవారం శుక్రవారం ఆ తాళం తీస్తోంది.

మొదట పాడు ఆలోచనలే వచ్చాయి, దాచుకోను. బయటికొచ్చి క్యాంపు గోడ నీడలో నిలబడి, ఊళ్ళో ఉన్న మా చిన్నమ్మ బాలవ్వకు ఫోను చేశాను. ఆమె ఇప్పటికీ బీడీలు చుడుతుంది.

“చిన్నమ్మా, తిరుమల ఏడుంది?”

“ఇంట్లనే ఉండొచ్చు కొడుకా,” అంది.

ఆమె వెనక కత్తెర్లతో ఆకు కత్తిరిస్తున్న చప్పుడు. ఎవరో ఏదో అన్నారు, ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అందులో ఒక నవ్వు తిరుమలది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. నాతో మాట్లాడేటప్పుడు ఆమె అలా నవ్వదు. నేను ఫోను పెట్టేసి, అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. యాభై మందిని ‘యల్లా యల్లా’ అని పనికి తరిమే మనిషిని.

మళ్ళీ లోపలికి వెళ్ళి, “అర్జీ వద్దు సారు, మీరు చర్చికి పోండ్రి,” అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకు కాల్ వచ్చింది. ఆకుపచ్చ గోడ ముందు తిరుమల. కొంగుతో చెమట తుడుచుకుంటోంది. ఊళ్ళోంచి ఆ ఎండలో నడిచొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

“తిన్నవా?” అంది.

“తిన్న. పన్ను కాయిదం వచ్చింది.”

“ఏం రాసిండ్రు?”

“ఇల్లు ఖాళీ అని.”

ఆమె మొహం పాలిపోయింది. నేను అరుస్తానని ఎదురుచూసింది. ఆమెకు తెలిసిన మనిషి అరిచేవాడే.

“రాసింది నిజమే గద,” అన్నాను. “వచ్చే శుక్రవారం ఇంత దూరం నడ్సి రాకు. చిన్నమ్మ ఇంటికాడి నుంచే ఫోన్ చెయ్యి.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పొద్దంత ఒక్క మనిషి మొకం కనవడది,” అంది చివరికి. “రాత్రి అయిందంటే ఇంట్ల నా అడుగుల సప్పుడుకే నాకు భయమయ్యేది. ఉండలేకపోయిన. నీకు జెప్తే నీ పానం గిలగిల కొట్టుకుంటదని జెప్పలే.”

“మంచిగనే జేసినవ్. ఆడ్నే ఉండు.”

“మరి నువ్వొచ్చినంక? చిన్నమ్మ ఇంట్ల ఉన్నయే రెండర్రలు.”

“నేను ఇంట్లనే ఉంట తియ్యి.”

“గంత ఇంట్ల ఒక్కనివే ఎట్లుంటవ్?” అంది తిరుమల.

“నాకు అలవాటే,” అన్నాను.

అనేశాకే ఆ మాట నాకూ వినపడింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమెకు ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి. తిరుమల ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు మా ఇద్దరిలో ఎవరమూ ముందుగా కాల్ కట్ చేయలేకపోయాం.