తలుపు దగ్గర చూసిన కొంగలు

వంద కరాటే సినిమాలు చూశానని హన్మాండ్లు దుబాయ్‌లో కూలీలుండే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో అందరికీ చెప్పుకునేవాడు. నిజానికి ఒక్కటీ చూడలేదు. ముప్పై ఏళ్ల కిందట మెట్‌పల్లిలో ఒక థియేటర్ గేటు కాసేవాడు. ఆట మొదలవగానే బాకాలు మోగేవి. తెర మీద బంగారు వలయంలో రెండు కొంగలు రెక్కలు విప్పేవి, వాటి కింద నాలుగు చైనా అక్షరాలు మెరిసేవి. అది సినిమా తీసిన కంపెనీ గుర్తు. అది పోగానే పరదా లాగి, తలుపు మూసి, సైకిల్ స్టాండుకు పరుగెత్తాల్సిందే.

గదిలో పక్క మంచం గజేందర్‌కు అనుమానం వచ్చింది.

"కాకా, వందల ఒక్క కథన్న చెప్పు."

"కొంగలు ఎగురుతయి."

"తర్వాత?"

"తర్వాత మస్తుగుంటది."

గేటు, సైకిల్ స్టాండు సంగతి కక్కించి గజేందర్ పడీపడీ నవ్వాడు. మర్నాటికి హన్మాండ్లు సైట్లో అందరికీ 'కొంగల కాకా' అయిపోయాడు. ఉడుక్కుని, భోజనాల వేళ ప్లైవుడ్ చెక్క మీద సుద్దముక్కతో ఆ గుర్తు గీసి చూపించాడు.

"గిదే. అబద్ధమైతే సూడుండ్రి."

క్రేన్ ఆపరేటర్ లిన్ అటుగా వెళ్తూ ఆగాడు. అరవై ఏళ్ల చైనా మనిషి. ఏడాదిగా ఒకే సైట్లో ఉన్నా హన్మాండ్లుతో అతను అరబ్బీలో 'యల్లా', అంటే 'పద పద', తప్ప మరో మాట అనలేదు. బొమ్మను చూసి మెల్లగా ఆ బాకాల పాట కూనిరాగం తీశాడు. హన్మాండ్లు గొంతు కలిపాడు. ఇద్దరూ చివరిదాకా పాడారు.

శుక్రవారం లిన్ తన ఫోన్‌లో పాత సినిమా ఒకటి పట్టుకుని వాళ్ల గదికే వచ్చాడు. కొంగలు రెక్కలు విప్పాయి. హన్మాండ్లు కళ్లు చెమ్మగిల్లాయి. గుర్తు పోగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు.

"ఏడికి కాకా? సైకిళ్లను ఎవలు ఎత్కపోరు, కూసో," అన్నాడు గజేందర్.

సిగ్గుపడి కూర్చున్నాడు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా రెప్ప వేయకుండా చూశాడు. సాయంత్రం ఊళ్లో ఉన్న భార్య గంగామణికి ఫోన్ చేశాడు.

"దుబాయ్ పోయి చైనా సిన్మ చూసినవా? ఎట్లుంది?" అందామె.

"రెండు గంటలు కొట్టుకున్నరే. ఒక్కడన్న అన్నం తినలే."

మరో శుక్రవారం లిన్ ఇంకో సినిమా తెచ్చాడు. హన్మాండ్లు ముందే కోడికూర వండి ముగ్గురికీ పళ్లేలు పెట్టాడు. లిన్ కారానికి ముక్కు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాడు.