చిన్నోడి బాకీ

బల్లలూ కుర్చీలూ చేసి అమ్మే దుకాణం నడిపే కుర్చీలాయన కాగితం మీద గొప్ప ధనవంతుడు. జేబులో చెయ్యి పెడితే మాత్రం టీ డబ్బులకే తడుముకోవాలి. ఆయన ఆస్తిలో పెద్ద ముక్క బావమరిది చిన్నోడు ఇవ్వవలసిన బాకీ మరి. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఈ చిన్నోడు బావ బతుకుతో పాటు బల్లలూ కుర్చీలూ కూడా కోరాడు. అన్నీ అరువు మీద తీసుకెళ్లి హోటల్ పెట్టాడు. ఏడాది తిరక్కుండానే అది మూతపడింది, చిన్నోడు ముఖం చాటేశాడు.

ఆ బాకీ వసూలు కాదని వీధిలో అందరికీ తెలుసు. అయినా కుర్చీలాయన ఇన్‌కంటాక్స్ రిటర్నులో ఏటా దాన్ని నిక్షేపంలాంటి ఆస్తిగా చూపిస్తూ వచ్చాడు.

ఈసారి ఆడిటరుకు ఓపిక నశించింది. రాని బాకీ అని కొట్టేస్తే లాభం తగ్గుతుంది, దాంతో పన్నూ తగ్గుతుంది, లేదంటే పన్ను కట్టడానికి రంపం మిషన్ అమ్ముకోవాలి, అప్పుడు కుర్చీలు దేంతో చేస్తావని నిలదీశాడు. కొట్టేయడానికి కుర్చీలాయనకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా దుకాణంలో భార్య కూడా భాగస్వామి కావడమే. లెక్కల కింద ఆమె సంతకమూ పడాలి. నీ తమ్ముడి మీద ఆశ వదులుకో అని ఆమెకు చెప్పడం కంటే పిల్లి మెడలో గంట కట్టడం నయం.

ఆ మధ్యాహ్నం ఆయన లెక్కల కాగితాలతో ఇంటికెళ్లి, ఇంకా ముద్ద ముట్టకుండానే కూర బ్రహ్మాండంగా ఉందన్నాడు. సంగతేమిటని భార్య నిలదీస్తే నీళ్లు నమిలి నమిలి చివరికి కక్కేశాడు. ఆమె కాగితాలు చదివి పెన్ను అడిగింది.

"కోపం రాలేదా నీకు?"

"కోపమెందుకండీ? మూడేళ్లుగా వాడు మన గడప తొక్కలేదు. బాకీ పడ్డవాడు ఏ మొహం పెట్టుకుని వస్తాడు? వాడిస్తాడని మీరు ఎదురుచూస్తున్నారేమోనని నేనే నోరు మెదపలేదు."

కుర్చీలాయనకు సిగ్గేసింది. ఆవిడ బాధపడుతుందని తనూ, తను నొచ్చుకుంటాడని ఆవిడా ఊరుకుంటే, మధ్యలో ఆ కుర్రవాడికి అక్క ఇల్లే లేకుండా పోయింది.

ఆమె సంతకం పెట్టేసి తమ్ముడికి ఫోన్ చేసింది. బాకీ కొట్టేశామనీ, ఇక ఏమీ ఇవ్వక్కర్లేదనీ, ఆదివారం భోజనానికి రమ్మనీ చెప్పింది. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"బావ ఏమంటాడక్కా?"

కుర్చీలాయన ఫోన్ లాక్కున్నాడు.

"ఆకలితో రారా," అన్నాడు.