తాడు మిషన్‌కే

తిరుపతి నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. మిషన్ పడలేదు. ముందు ఈ రెండు ముక్కలు చెవిన వేసుకోండి, మిగతాది తర్వాత చెప్తాను.

పీర్జాదిగూడలో కొత్త అపార్ట్‌మెంటు. మే నెల, ఏసీలకు విపరీతమైన గిరాకీ. లోపల గోడకు బిగించేది తేలిక పనే. ఏసీ ఫిట్టర్లమైన మా ప్రాణాలు తీసేది బయటి మిషను. దాన్ని తాడుతో డాబా మీది నుంచి దింపాలి. కింది కిటికీ సజ్జ మీద ఒకడు నిలబడి దాన్ని ఇనుప బ్రాకెట్ మీదికి లాక్కోవాలి, నట్లు బిగించి రాగి పైపు కలపాలి. ఆ పొద్దున తిరుపతి మా కాంట్రాక్టర్ దామోదర్‌ను నా ఎదుటే అడిగాడు.

"సార్, నా నడుముకు గూడ ఒక తాడు ఇప్పియ్యున్రి. సజ్జ కచ్చగున్నది, ఇర్గేటట్టున్నది."

"ఉన్నది ఒక్కటే తాడు. మిషన్‌కు కట్టు. నీకు చేతులున్నయ్ గదరా, గోడ పట్టుకో!"

సజ్జ అంచు విరిగింది. పైన తాడు పట్టుకున్నది నేనే. తాడును పైనే కట్టేసి కిందికి పరిగెత్తాను. మిషన్ గాల్లో ఊగుతూ చెక్కుచెదరకుండా ఉంది. కబురు విని వచ్చిన దామోదర్ కారు దిగి, నేల మీద పడున్న మనిషిని కాదు, ముందు పైకి చూశాడు. "మిషన్‌కేం కాలే గద?" అన్నాడు. థూ! ఆ మాట ఈనాటికీ నా చెవుల్లోంచి పోలేదు.

పోలీసులతో ఏం మాట్లాడుకున్నాడో గానీ, సాయంత్రానికి తిరుపతి తాగి పడ్డాడని కేసు రాశారు. గాంధీ దవాఖానాలో శవం కోసం కూర్చున్న అతని భార్య శ్యామలమ్మ ఆ మాట విని ఏడుపు ఆపేసింది.

"కల్లు వాసనొస్తేనే ముక్కు మూసుకునే మనిషిని తాగుబోతును జేసిన్రా? రేపు నా బిడ్డకేం జెప్పాలె? మీ నాయిన తాగి సచ్చిండని జెప్పాలెనా? నాకేమొద్దు. గా దామోదర్‌గాడు పదిమంది ముంగట తిరుపతి తాగలేదని ఒప్పుకోవాలె. గదే గావాలె నాకు."

దినాలయ్యాక నాచారంలో హన్మయ్య ఇంటి ముందు కలిశాం. హన్మయ్య మా అందరికీ పని నేర్పిన పాత ఫిట్టరు. ముందుగా నోరు విప్పింది రామకృష్ణ.

"పెద్దోళ్లతోని మనకెందుకన్నా? ఉన్న పని బందైతది. సకల జనుల సమ్మెల దామోదర్ సార్ గూడ మనతోనే నడిచిండాయె. తెలంగాణ రాష్ట్రమొస్తే గివన్నీ సక్కగైతయ్."

"రాష్ట్రమొస్తే నీ నడుముకు తాడొస్తదారా?" హన్మయ్య గయ్యిమన్నాడు. "తాడు మనమడిగితేనే వస్తది. వాడు గూడ ఒకప్పుడు ఫిట్టరే. పైకెక్కి నిచ్చెన గుంజేసిండు."

"మరింకేంది? పోయి వాని షాపు అద్దాలు పగలగొడదాం!" అన్నాను. నా రక్తం అలా ఉడికిపోతోంది.

"ఏం పగలగొట్టొద్దు. వాడు జెప్పినట్టే జేద్దాం. తాడు మిషన్‌కే కడదాం."

నాచారంలో దామోదర్ కట్టిన మూడంతస్తుల ఇంటి గృహప్రవేశం రోజున ఏసీలు బిగించడానికి వెళ్లింది మేమే. డాబా మీది నుంచి మిషన్‌ను పై అంతస్తు కిటికీ దాకా దింపాం. తాడు కొసను ట్యాంకు స్తంభానికి గట్టిగా కట్టేశాం. పని అక్కడికి ఆపేసి, కిందికి దిగి గేటు ముందు కూర్చున్నాం. ఉప్పల్ నుంచీ చర్లపల్లి నుంచీ ఫిట్టర్లు వచ్చి మాతో కూర్చున్నారు. ఒక్కొక్కరి భుజాన ఒక్కొక్క తాడు. రామకృష్ణ కూడా వచ్చాడు, ఆలస్యంగానైనా. ముందు వరసలో శ్యామలమ్మ.

లోపల చుట్టాలు చెమటలు కక్కుతున్నారు. తిరుపతి కేసు రాసిన ఎస్సై కూడా విందుకు వచ్చి అరిటాకుతో విసురుకుంటున్నాడు. దామోదర్ ఎన్ని ఫోన్లు చేసినా ఒక్క ఫిట్టరూ రాలేదు. వచ్చినవాళ్లు వచ్చి మా పక్కనే కూలబడ్డారు.

"మీరు లేకపోతే నాకు గాదనుకుంటున్నరా? మీకన్న ముందు పాన పట్టినోణ్ని నేను!" అని అరిచి పట్టుపంచె ఎగ్గట్టాడు దామోదర్. కిటికీ దాటి సజ్జ మీదికి దిగాడు. మిషన్‌ను లాగబోయాడు. అది వెనక్కి ఊగి వచ్చి అతని రొమ్మును గుద్దింది. కాలు జారింది. రెండు చేతులా మిషన్‌నే కావలించుకుని వేలాడాడు.

"తాడు! అరేయ్, ఇంకో తాడు ఇయ్యున్రిరా!"

శ్యామలమ్మ లేచి నిలబడింది.

"తాడెందుకు సారూ? చేతులున్నయ్ గద, గోడ పట్టుకో!"

"గోడ పట్టుకో!" అని గేటు దద్దరిల్లింది. రామకృష్ణ గొంతే అందరికన్నా పెద్దది. చుట్టాలు విస్తళ్ల ముందు నుంచి లేచి బయటికొచ్చారు. నేను తాడు తీసుకుని డాబా మీదికి పరిగెత్తాను గానీ, దాన్ని కిందికి వదల్లేదు. పడితే బాగుండుననిపించింది. అబద్ధమాడను, వాడి వేళ్లు జారడం కళ్లారా చూడాలనిపించింది.

"నా పెనిమిటి తాగిండా?" కింద నుంచి శ్యామలమ్మ అడిగింది.

"లేదమ్మా! తాగలే! తాడడిగిండు, నేనే ఇయ్యలే! నీ కాళ్లు మొక్కుత, తాడు ఇయ్యమను!"

విన్నారు. చుట్టాలు విన్నారు, ఇరుగుపొరుగువాళ్లు విన్నారు, ఎస్సై కూడా విన్నాడు. అయినా నా పిడికిలి తెరుచుకోలేదు.

"ఇయ్యి అన్నా," అంది శ్యామలమ్మ. "వాడు సస్తే ఎట్ల? కోర్టుల మల్లొక్కపారి జెప్పేటందుకు బతకాలె వాడు."

కొసన ఉచ్చు వేసి తాడు వదిలాను. ఒక్కో చేయీ దూర్చి నడుముకు తగిలించుకున్నాక, నా వెనకే ఎక్కివచ్చిన హన్మయ్యా నేనూ పైకి లాగాం. కాలు డాబా మీద ఆనిందో లేదో, "వీళ్లను లోపలెయ్యున్రి సార్!" అని ఎస్సైకి కేకేశాడు. ఉప్పు తిన్న ఎస్సై ఊరుకుంటాడా! హన్మయ్యనూ నన్నూ జీపులో కుక్కాడు.

మర్నాడు పొద్దున లాకప్‌లోకి చప్పుడు వినిపించింది. ఊచల్లోంచి చూస్తే స్టేషన్ ముందు రోడ్డంతా ఫిట్టర్లు. అందరి నడుములకూ తాళ్లు. వాళ్లతోపాటు దామోదర్ ఇంటి పక్కవాళ్లు కూడా సాక్ష్యం చెప్పడానికొచ్చారు. తాడు లేకుండా ఏ సజ్జా ఎక్కబోమని రామకృష్ణ అరిచి చెప్తున్నాడు.

శ్యామలమ్మ నేరుగా ఎస్సై బల్ల ముందుకు వచ్చింది. నిన్న దామోదర్ ఇంటి దగ్గర మిషన్ వేలాడిన తాడు ఆమె నడుముకు చుట్టి ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న నీ చెవులతోని ఇన్నవ్ గద సారూ," అంది. "ఇగ రాయి."