నాన్న వేసిన ఏడేళ్ళ టైంటేబుల్

మా నాన్న బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తాడు. అమ్మ అవే బస్సుల్లో కండక్టరు. నాన్న కాగితం మీద పావుగంటలో దాటించేసే రోడ్డుని అమ్మ అరగంట నిలబడి దాటుతుంది. మా ఇంట్లో సగం గొడవలకు మూలం అదే.

నేను ఆరో తరగతిలోకి వచ్చిన వారానికి నాన్న ఎవరో పెద్దాయన ఉపన్యాసం విని వచ్చాడు. మంచి కాలేజీలో సీటు కావాలంటే ఇప్పటి నుంచే మొదలుపెట్టాలట, నిజానికి ఇప్పటికే ఆలస్యమైందట. అంతే, నాన్నకు పూనకం వచ్చేసింది. మూడు రోజులు భోజనాల బల్ల మాకు దక్కలేదు. నాలుగో రోజుకి నా ఏడేళ్ళ బతుకు గళ్ళు గళ్ళుగా కాగితానికెక్కింది. నాలుగూ యాభైకి లేవడం, ఐదుకి లెక్కలు, పళ్ళు తోముకోవడానికి మూడు నిమిషాలు. సాయంత్రం ఐదుకి ఆట, పన్నెండు నిమిషాలు. బూట్లు వేసుకోవడం, విప్పుకోవడం కూడా అందులోనే.

వీధి జట్టుకి గోల్‌కీపర్ని నేను. రెండేళ్ళు బతిమాలితే దక్కిన చోటది. రోజూ ఆటకి రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని కెప్టెన్ అక్క ముందే చెప్పింది. కాలేజీ నాకూ కావాలి. కానీ పన్నెండు నిమిషాల్లో మైదానానికి వెళ్ళి రావడమే అవుతుంది.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, భుజం మీది సంచీ దించకుండానే అంతా చదివింది.

"బాగుందండీ. మరి ట్రయల్ ఎప్పుడు?"

"దీనికి ట్రయలేంటి?"

"టైంటేబుల్ వేసినవాళ్ళు ఒక రోజంతా దాని ప్రకారం తిరిగి చూశాకే కదా బోర్డు మీద పెట్టేది. మీ డిపో రూలేగా."

ఆ రూలు పెట్టించింది నాన్నే.

ఆదివారం నాలుగూ యాభైకి అమ్మ విజిల్ ఊదింది. నాన్న నా కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. నా లెక్కల పుస్తకంలో పదిమంది కూలీలు ఒక గోడ కడుతుంటే మధ్యలో ఇద్దరు మానేస్తారు.

"ఎందుకు మానేశారో ముందు చెప్పమను" అని నాన్న లెక్కతో తగువు పెట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలు లేటని అమ్మ రాసుకుంది. కాలేజీవాళ్ళు ప్రత్యేక ప్రతిభ అడుగుతారట, అందుకని తర్వాత వేణువు. నాన్న రెండుసార్లు ఊదాడు, పక్కింటాయన కిటికీ మూసేశాడు. తొమ్మిది నిమిషాల భోజనంలో పొలమారింది. మూడున్నరకి కొత్త భాష పాఠం మీద తలవాల్చి గురక పెట్టాడు.

"స్టేజీ వచ్చింది, దిగండి" అని అమ్మ తట్టి లేపింది. నేను నవ్వలేక పొట్ట పట్టుకుని కింద కూర్చున్నాను.

ఐదుకి ఆయన ఆట వంతు. నాన్న బూట్లు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి నేను గోలు ముందు ఉన్నాను. ఆయాసపడుతూ నా వెనకాల నిలబడి గడియారం చూసుకున్నాడు. అప్పుడే ఒక బంతి దూసుకొచ్చింది. గాల్లోకి ఎగిరి పట్టుకుని, బోర్లా పడ్డాను. నోటినిండా మట్టి. ఎంత సంతోషమో చెప్పలేను.

తలెత్తి చూస్తే నాన్న చప్పట్లు కొడుతున్నాడు. ఆయన పన్నెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.

"ఎంతసేపు ఆడతారమ్మా ఇది?" అని అడిగాడు.

"చీకటి పడేదాకా నాన్నా."

"అంటే ఎన్నింటిదాకా?"

"ఏమో. చీకటి పడాలి కదా."

నాన్న జేబులోంచి కాగితం తీసి, ఆట పక్కనున్న పన్నెండు కొట్టేశాడు. పెన్సిల్ చాలాసేపు ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఏ టైంటేబుల్ గడిలోనూ అంకె తప్ప ఇంకేదీ వేయని మనిషి. చివరికి గుండ్రటి అక్షరాలతో 'చీకటి పడేదాకా' అని రాశాడు.

అది చదువుతూ నేను ఒక గోలు వదిలేశాను. కెప్టెన్ అక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు.