నున్నబడ్డ అడుగు

ఇరవై రెండులో గోదావరి మా లంక మీదికెక్కి ఇళ్లలో నడుంలోతు నిలిచింది కదా, ఆ వరద తర్వాతి ఏడు జరిగింది ఇది. ఆ ఏడు వచ్చింది చిన్న వరదే. దొడ్డి నిండా ఒండ్రు వేసి తీసేసింది.

ఒండ్రులో పడ్డ అడుగు చూసి ఎవరిదో మా లంకలో ఎవరైనా చెబుతారు. మా పెద్దోడు అబ్రహాము పాపికొండల్లో పట్నం వాళ్లకు దారి చూపించే పని చేసేవాడు. కొండబూట్లు వేసేవాడు. మడమ బయటి వైపు బరువేసి నడిచేవాడు, బూటు అక్కడే అరిగింది. పెద్ద వరదలో జ్వరం తగిలి, పడవ దొరికేలోపే పోయాడు.

ఆ బూట్లూ ఆ పనీ చిన్నోడు ఐజాక్‌కి వచ్చాయి. వాడు తిన్నగా నడిచే మనిషి. ఆ బూట్లు వేస్తే మాత్రం అడుగు వాళ్ల అన్నదే పడేది. ఆ అడుగులు వానకు చెరిగిపోతాయని మా ఆవిడ బేబి వాటి మీద గంపలు బోర్లించేది.

పాస్టరు గారు చూసి, "ఏంటమ్మా, కోడిపిల్లలా?" అన్నారు.

"అవునండి" అంది బేబి.

అంతకుముందు ఆ అడుగులో ట్రాక్టరు టైరు గుర్తుల్లా గాట్లు పడేవి. ఆ ఏడు పడలేదు. అడుగు పళ్లెం ఒత్తినట్టు నున్నగా ఉంది. బూటు తిప్పి బొటనవేలితో నొక్కి చూశాను. చెక్కలా ఉంది.

"సోలు అయిపోయిందిరా. మార్పించు" అన్నాను ఐజాక్‌తో.

"మొన్న తడిరాయి మీద జారాను నాన్నా. కింద లోయ. పక్కనాయన చొక్కా పట్టుకుని లాగాడు. అమ్మేమో మార్చొద్దంటంది."

బేబి చేపలు తోముతూ తలెత్తలేదు. "అడుగు మార్చేత్తే వాడొచ్చినట్టు నాకెలా తెలుత్తాదిరా?"

"వచ్చేది నేనమ్మా!"

"నువ్వూరుకో. అయ్యే ఏసుకెళ్లు."

తల్లి మాటకు వాడు ఎదురు చెప్పడు. రేపు సాయంత్రం మళ్లీ కొండకు బయల్దేరాలి. అక్కడ వానలు పడుతున్నాయి.

వాడు చెప్పులేసుకుని రాజమండ్రి వెళ్లాడు. మధ్యాహ్నం నేను అరటితోట నుంచి వచ్చేసరికి గట్టు దగ్గర్నించి మా గుమ్మం దాకా తాజా బూటు అడుగులున్నాయి. అన్నీ ఇంట్లోకే. అబ్రహామువే.

వంగి చూశాను. మా పెద్దోడు నడిస్తే అడుగు నీరూరేంత లోతు దిగేది. ఇవి పైపైన ఉన్నాయి.

లోపల బేబి గోడకు ఆనుకుని కూర్చుంది. కాళ్లకు ఆ బూట్లు. చీర కుచ్చిళ్ల దాకా ఒండ్రు.

"చూశావా మావా? గుమ్మం దాకా వచ్చాడు" అంది. నవ్వుతోంది.

నేను కింద కూర్చుని తాళ్లు విప్పాను. ఒక్కో బూటూ లాగాను. లాగనిచ్చింది. విప్పిన బూట్ల వైపు చూసి అడిగింది.

"చిన్నోడు జారతాడా?"

"జారతాడు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బూట్లు సంచిలో వేసుకుని తొలి పడవకు వెళ్లాను. బేబి రేవు దాకా వచ్చింది. సంచి వైపు చూసింది గానీ అడ్డు చెప్పలేదు. కొవ్వూరులో చెప్పులు కుట్టే శ్యాంబాబు పాత సోళ్లు ఊడబెరికి, "ఇవి పారేయనా మావయ్యా?" అన్నాడు. తలూపాను. కొత్తవాటికి పూసిన గమ్ము ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.